సిరంజి ఎవరి చేతికి? చీపురు ఎవరి చేతికి?

వాడ నుంచి ఉత్తరాలు – 17



పోయినసారి హాస్టల్ మెస్ చార్జీల మీద రెండో భాగం రాస్తానన్నాను. అది వచ్చే వారానికి. ఈమధ్య ఒక ఆదివారం గన్‌ఫౌండ్రీలో జరిగిన ఒక సంగతి నన్ను వదలడం లేదు. ముందు అది చెప్పేస్తాను.

గన్‌ఫౌండ్రీ అంటే పాత హైదరాబాదీలకు తోప్ కా సాంచా. 1786లో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోత పోయించాడు. అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ పోయే సిటీ బస్సులో కండక్టర్ ఆ పేరు రోజుకు ఎన్నిసార్లు అరుస్తాడో లెక్కలేదు. రేమండ్ పేరు చరిత్ర పుస్తకంలో ఉంది. కొలిమి ఊదినవాళ్ళవి, అచ్చులు మోసినవాళ్ళవి, చేతులు కాల్చుకున్నవాళ్ళవి పేర్లు ఎక్కడా లేవు. ఈ మాట ఎందుకంటున్నానో చివరికి మీకే తెలుస్తుంది.

అక్కడ ఒక సందులో, పాత బిల్డింగ్ రెండో అంతస్తులో చిన్న హాలు. ఇరవై రెండు మంది పిల్లలు. కొందరు పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా చదివినవాళ్ళు. కొందరు ప్రైవేటుగా పారావెట్ కోర్సు చేస్తున్నవాళ్ళు. అందరూ సిటీలో పెంపుడు జంతువుల క్లినిక్‌లలో ట్రైనింగ్‌లో ఉన్నారు. ఫోన్ చేసి పిలిచిన మిత్రుడు అన్నమాట ఇది: "మేడం, ఈ పిల్లలకు బొత్తిగా ఇంట్రెస్ట్ లేదు. క్లినిక్‌కు పంపితే మూడో వారానికే డుమ్మా కొడుతున్నారు. మీరు సాహిత్యం మనిషి. ఒక గంటసేపు కాస్త మోటివేట్ చేయండి."

మోటివేషన్! ఈ దేశంలో మన పిల్లలకు అన్నిటికంటే చౌకగా దొరికేది అదే. స్టైపెండ్ దొరకదు, హాస్టల్ సీటు దొరకదు, మోటివేషన్ మాత్రం ఫ్రీ.

అయినా పోయాను. తెలుగులో డాక్టరేట్ చేసినదాన్ని, కుక్కల సంగతి పిల్లుల సంగతి నాకేం తెలుసని మీరు అడగొచ్చు. నాకు గొడ్ల సంగతి తెలుసు. చచ్చిన గొడ్ల వైపు నుంచి తెలుసు. అది తర్వాత చెప్తాను.

ప్రసంగం చేయలేదు. తలా ఒక తెల్ల కాగితం ఇచ్చాను. "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ చేతులు ఏం చేశాయో రాయండి. నేను అని మొదలుపెట్టొద్దు. నా చేతులు అని మొదలుపెట్టండి" అన్నాను. పిల్లలు నవ్వారు. తర్వాత రాశారు.

ఒక కాగితం: "నా చేతులు లాబ్రడార్‌కు టెంపరేచర్ చూశాయి. 103.4 వచ్చింది. డాక్టర్ సారు ఎంత అని అడిగారు, చెప్పాను, రాసుకున్నారు. నా చేతులు సెలైన్ సెట్ కలిపాయి. ఎక్స్‌రేకు కుక్కను పట్టుకున్నాయి."

ఇంకో కాగితం: "నా చేతులు ఆరు బోన్లు కడిగాయి. పారిపోయిన పిల్లిని పట్టుకున్నాయి, గీరుకున్నాయి. ఒక కుక్క చచ్చిపోతే సంచిలో కట్టాయి. చాయ్ తెచ్చాయి. మళ్ళీ బోన్లు కడిగాయి."

ఇద్దరిదీ ఒకటే కోర్సు. ఒకటే ఏడు. ఒకటే క్లినిక్.

కాగితాలన్నీ బల్ల మీద రెండు కుప్పలుగా వేశాను. థర్మామీటర్, సిరంజి, మైక్రోస్కోప్ ఉన్నవి ఒక కుప్ప. బోను, చీపురు, సంచి, చాయ్ ఉన్నవి ఇంకో కుప్ప. రెండో కుప్పే పెద్దది. ఎవరిదే కులమని నేను అడగలేదు. "పని ఎట్లా పంచుతారు?" అని మాత్రం అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక వరసలో ఆ రెండో కాగితం రాసిన అమ్మాయి లేచింది.

"మొదటి రోజు ఇంటిపేరు అడిగిన్రు మేడం. ఊరడిగిన్రు. నాయిన ఏం చేస్తడని అడిగిన్రు. డప్పు కొడ్తడని చెప్పిన. అప్పటిసంది బోన్లే. ఒకరోజు ఇంజెక్షన్ నేర్పియ్యండి అంటే, ముందు ఇది మంచిగ చెయ్యి, మీవాళ్ళకు అలవాటే గదా అన్నరు."

అలవాటే గదా!

ఆ మాట అన్న మనిషి దుర్మార్గుడై ఉండకపోవచ్చు. ఆ అమ్మాయి కూడా తిట్టలేదు. "సారు మంచోడే మేడం, కోపం చెయ్యడు" అంది. కులం మన దగ్గర కోపంతోనే పని చేయాలని లేదు. డ్యూటీ చార్ట్‌తో కూడా చేస్తుంది. చార్ట్ రాసిన చెయ్యికి తాను కులం రాస్తున్నానని తెలియకపోవచ్చు కూడా.

న్యాయంగా ఇంకో సంగతి చెప్పాలి. మొదటి కుప్పలోని పిల్లలు కూడా బోన్లు కడిగారు. "మేము కూడా కడిగాం మేడం, మొదటి వారం" అన్నారు. అబద్ధం కాదు. కానీ వాళ్ళ చీపురుకు ఎక్స్‌పైరీ డేట్ ఉంది. ఒక వారం. ఈ అమ్మాయి చీపురుకు లేదు. తేడా అక్కడుంది.

ఇప్పుడు చచ్చిన గొడ్ల సంగతి.

మా తాత పాలమూరు జిల్లాలో ఊరి మాదిగ. ఊళ్ళో గొడ్డు చస్తే కబురు మొదట మా ఇంటికే వచ్చేది. మోసుకుపోవాలి, తోలు తీయాలి, లందలో సున్నంతో, తంగేడు చెక్కతో నానబెట్టాలి. చెప్పులు, మోట బొక్కెన, డప్పు అన్నీ దాన్లోంచే. ఆ పని చేసిచేసి ఆయనకు గొడ్డు లోపల ఏముంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేంత తెలుసు. గొంతువాపుతో పోయిందా, జబ్బవాపుతో పోయిందా, కడుపుబ్బి పోయిందా చూడగానే చెప్పేవాడు. ఒకసారి కాపుల ఎద్దు రాత్రికి రాత్రి చచ్చింది. ముక్కులోంచి, వెనకనుంచి నల్లటి నెత్తురు. గడ్డకట్టలేదు. తాత దూరంగా నిలబడి, "దీనికి కత్తి పెట్టొద్దు బిడ్డా, ఇది దొమ్మ. లోతుగ గొయ్యి తియ్యాలె" అన్నాడని నాయిన ఇప్పటికీ చెప్తాడు.

దొమ్మ అంటే ఆంత్రాక్స్. ఆంత్రాక్స్ అనుమానం ఉన్న కళేబరాన్ని కోయకూడదు, లోతుగా పూడ్చాలి అని ఇవాళ పశువైద్య పాఠ్యపుస్తకంలోనూ అదే ఉంటుంది. కోస్తే ఆ క్రిములు గాలి తగిలి స్పోర్లుగా మారి నేలలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. మా తాతకు స్పోరు తెలియదు. కత్తి పెట్టినవాళ్ళు చావడం తెలుసు. తెలియక కోసి, తిని పోయినవాళ్ళు కూడా మావాళ్ళే. ఆ జ్ఞానం అంత ఖరీదు పెట్టి కొన్నది.

దీన్ని జ్ఞానం అని ఎవరన్నా అన్నారా? ఊరు దాన్ని కంపు అంది. మనల్ని కూడా అదే అంది. బతికున్న గొడ్డు పాలు ఊరివి, చచ్చిన గొడ్డు మాత్రం వాడది. 1927 మార్చిలో మహద్‌లో బాబాసాహెబ్ చచ్చిన గొడ్లు మోయడం మానండి, ఆ మాంసం మానండి అన్నాడు. ఆ పిలుపు పని మీద కోపంతో ఇచ్చింది కాదు. పని పేరుతో మన మెడకు వేసిన పలుపు మీద కోపంతో ఇచ్చింది. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను కట్టేసి కొట్టారు. అప్పుడు అక్కడి దళితులు కళేబరాలు తెచ్చి కలెక్టర్ ఆఫీసు ముందు పడేశారు, మీ గొడ్లు మీరే మోసుకోండి అని. మన దగ్గర 1985లో కారంచేడులో గొడవ మొదలైంది గేదె దగ్గరే. మాదిగలు తాగే చెరువు నీళ్ళు గేదెలతో మురికి చేస్తుంటే వద్దన్నారు. మున్నంగి సువార్త బిందె ఎత్తింది. జూలై 17న ఆరుగురిని చంపారు.

జంతువుకూ మనకూ మధ్య ఉన్న సంబంధం ఇంత నెత్తురుతో తడిసి ఉంది. ఆ చరిత్ర వీపు మీద మోసుకుంటూ పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి ఒక మాదిగ అమ్మాయి వెటర్నరీ కోర్సుకు వస్తుంది. చచ్చిన గొడ్డు వైపు నుంచి బతికున్న గొడ్డు వైపుకు రావడానికి వస్తుంది. మా వంశంలో మూడు తరాలు దాటని గీత అది. ఆ గీత దాటి వచ్చిన పిల్లకు మళ్ళీ సంచి ఇచ్చి, ఇదిగో ఇది కట్టు, మీకు అలవాటే గదా అంటే ఇంట్రెస్ట్ ఎక్కడ నుంచి వస్తుంది?

జాషువా 1941లో గబ్బిలాన్ని దూతగా పంపాడు. హంసను కాదు, మేఘాన్ని కాదు. గుడిలోకి మనిషి పోలేడు, గబ్బిలం పోగలదు. ఆ పద్యాలు ప్రతి ఏడూ క్లాసులో చెప్తాను. ఆ రోజు ఇంకో అబ్బాయి చెప్పిన మాట విని మళ్ళీ గుర్తొచ్చాయి. "మేడం, కుక్క ఏసీ రూంల సోఫా మీద కూసుంటది. మేము మెట్ల కింద కూసోని తింటం" అన్నాడు. క్లాసు నవ్వింది. నవ్వు తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

ఇక చట్టం సంగతి. విద్యార్థులూ, కార్యకర్తలూ ఇది గుర్తుపెట్టుకోవాలి.

మన దేశంలో 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ఉంది. దాని 30వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన పశువైద్యుడే వైద్యం చేయాలి. అందులో ఒక మినహాయింపు ఉంది. వెటర్నరీ సూపర్వైజర్, స్టాక్‌మన్, స్టాక్ అసిస్టెంట్ డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు, రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తే, రిజిస్టరైన డాక్టర్ పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు చేయొచ్చు. టీకాలు, విత్తులు కొట్టడం, గాయాలకు కట్లు కట్టడం లాంటివి. అంతే. ఈ చట్టంలో వెటర్నరీ నర్స్ అనే మాటే లేదు. మనుషుల ఆసుపత్రిలో నర్సుకు కౌన్సిల్ ఉంది, రిజిస్టర్ ఉంది. పశువుల దవాఖానలో అదే పని చేసే పిల్లకు పేరు లేదు. క్లినిక్‌లో ఆమెను హెల్పర్ అంటారు, అటెండర్ అంటారు, పిల్ల అంటారు. పేరు లేని పనిలోకి కులం సులువుగా దూరుతుంది. పేరుంటే హద్దులుంటాయి, ఈ పని నాది, ఈ పని నాది కాదు అనొచ్చు. పేరు లేకపోతే అన్నీ నీవే.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ 1961లోనే ఈ శిక్షణ మొదలుపెట్టింది. నర్స్ అనే పేరు వాడుకోవడానికి వాళ్ళు కూడా 1984 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటిదాకా జంతు నర్సింగ్ సహాయకులు అనేవాళ్ళు. ఇవాళ అక్కడ ట్రైనింగ్‌లో ఉన్న విద్యార్థికి క్లినిక్‌లో క్లినికల్ కోచ్ అని ఒక మనిషి ఉంటారు. విద్యార్థి ఏ పని నేర్చుకుంది, ఎంతవరకు వచ్చింది అని చూసి, నమోదు చేయడం ఆ మనిషి బాధ్యత. అక్కడ ట్రైనీలతో ఊరికే బోన్లు కడిగించుకునే క్లినిక్‌లు లేవని నేననను. కానీ అక్కడ విద్యార్థి చేతిలో ఒక జాబితా ఉంటుంది. నాకు ఇవి ఇంకా నేర్పలేదు అని చూపించడానికి కాగితం ఉంటుంది. మన పిల్ల చేతిలో ఏముంది? అటెండెన్స్ రిజిస్టర్ ఒక్కటి.

ఇంతకూ బోను కడగడం తప్పా అని అడుగుతారు. ఆ హాల్లో నన్ను పిలిచిన మిత్రుడు కూడా అడిగాడు. మంచి ప్రశ్న.

తప్పు కాదు. పార్వో వచ్చిన కుక్కపిల్ల ఉన్న బోనును సరిగ్గా కడగకపోతే తర్వాత వచ్చే పిల్ల చస్తుంది. ఆ వైరస్ మామూలు ఫినాయిల్‌కు లొంగదు. బ్లీచింగ్ ద్రావణం కావాలి, అంతకు ముందు మలం పూర్తిగా తీసేయాలి, పోసిన తర్వాత పది నిమిషాలు ఆగాలి. ఇది నర్సింగ్‌లో సగం చదువు. సంచిలో కట్టడం కూడా చదువే. ఇంటి మనిషి ఏడుస్తూ నిలబడితే ఆ కుక్కను ఎట్లా అప్పగించాలి, ఏ మాట చెప్పాలి అన్నది ఏ కాలేజీ నేర్పదు. నేర్పాలి. ఆ అమ్మాయిని ఎందుకు బ్లీచింగ్ కలుపుతారో చెప్పమని అడిగాను. తెలియదు. ఎంత కలపాలో తెలియదు. సీసా చూపించి కడగమన్నారు, అంతే. ఎందుకో చెప్పి చేయిస్తే అది శిక్షణ. చెప్పకుండా చేయిస్తే అది వెట్టి. పని ఒకటే.

డాక్టర్ల వైపు నుంచి కూడా ఆలోచిద్దాం. క్లినిక్‌లో ఒక్క డాక్టర్, బయట ఇరవై మంది. ఓనర్ తన కుక్కకు ట్రైనీ సూది వేస్తానంటే ఒప్పుకోడు. తప్పు జరిగితే డాక్టర్ లైసెన్స్ మీదకు వస్తుంది. ఈ ఒత్తిడి నిజం. కానీ టెంపరేచర్ చూడనివ్వడానికి ఏ లైసెన్స్ అడ్డం? ఎంత వచ్చింది అని అడగడానికి ఎంత టైం పడుతుంది? మొదటి కాగితం మళ్ళీ చదవండి. "డాక్టర్ సారు ఎంత అని అడిగారు, చెప్పాను, రాసుకున్నారు." ఆ పిల్లవాడికి ఎవరూ మోటివేషన్ క్లాసు చెప్పలేదు. వాడు చెప్పిన అంకె కేస్ షీట్‌లోకి ఎక్కింది. వాడు ఒక్కరోజు కూడా డుమ్మా కొట్టలేదు.

అందుకే నేను ఆ రోజు పిల్లలకు మోటివేషన్ ఇవ్వలేదు. పిలిచినవాళ్ళకు కొన్ని మాటలు రాసిచ్చాను. ఇక్కడా రాస్తున్నాను.

ఒకటి. డ్యూటీ చార్ట్ గోడ మీద ఉండాలి, వారం వారం మారాలి. బోన్లు అందరివీ, థర్మామీటర్ అందరిదీ. ఇంటిపేరు, నాయిన పని అడిగే ఇంటర్వ్యూ బంద్ కావాలి.

రెండు. ప్రతి ట్రైనీ చేతిలో పనుల జాబితా ఉండాలి. జంతువును భయపెట్టకుండా పట్టుకోవడం, టెంపరేచర్, నాడి, శ్వాస చూడటం, ఆటోక్లేవ్ నడపడం, ఆపరేషన్ తర్వాత మత్తు దిగేదాకా కనిపెట్టుకుని ఉండటం. నేర్పినవాళ్ళు పక్కన సంతకం పెట్టాలి. నెలాఖరుకు ఏ గళ్ళు ఖాళీగా ఉన్నాయో, ఎవరివి ఖాళీగా ఉన్నాయో కోర్సు నడిపేవాళ్ళు చూడాలి.

మూడు. గ్లౌజులు, టీకా. కుక్కల మధ్య పనిచేసేవాళ్ళకు ముందుగానే రేబిస్ టీకా వేయించాలి. ఈడ్చుకుపోయిన ఆవు మాయను ఉత్త చేతులతో తీస్తే బ్రూసెల్లా అంటుకుంటుంది, ఏళ్ళ తరబడి జ్వరం, కీళ్ళ నొప్పులు పీడిస్తాయి. ఆ హాల్లో రేబిస్ టీకా వేసుకున్నవాళ్ళు చేతులెత్తండి అంటే నాలుగు చేతులు లేచాయి. గీరుకున్న చేతి అమ్మాయిది లేవలేదు. ఆమెను సోమవారం పొద్దున్నే నేనే వెంటబెట్టుకుని సర్కారు దవాఖానకు పోయి సూది వేయించాను. అది నా పని కాదు. అందుకే రాస్తున్నాను.

నాలుగు. పైసలు. అప్రెంటిస్‌గా నమోదు చేస్తే స్టైపెండ్ ఇవ్వాలని 1961 నాటి అప్రెంటిస్ చట్టం చెప్తుంది. ట్రైనింగ్ అని ఊరికే పేరు పెడితే ఇవ్వక్కర్లేదని చాలామంది అనుకుంటారు. రోజూ రెండు బస్సులు మారి వచ్చే పిల్లకు మూడో వారానికి అయిపోయేది ఇంట్రెస్ట్ కాదు, బస్ చార్జీలు, మధ్యాహ్నం అన్నం పైసలు.

ఐదు. కూర్చుని తినడానికి ఒక బల్ల. మెట్ల కింద కాదు.

కార్యకర్త మిత్రులకు ఒక మాట. మనం యూనివర్సిటీ గేటు దగ్గర ధర్నా చేస్తాం, చేయాలి. కానీ డిప్లొమా పిల్లలు, పారావెట్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, డయాలసిస్ ట్రైనీలు ఏ యూనియన్‌లో ఉన్నారు? వాళ్ళు పీహెచ్‌డీలు కారు, వాళ్ళ మీద సెమినార్లు జరగవు. మన పిల్లల్లో ఎక్కువమంది చేరుతున్నది మాత్రం అక్కడే. అదే అబిడ్స్ చుట్టుపక్కల, ఇసామియా బజార్‌లో 1910లో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బడి పెట్టాడు. ఆయనే జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలిలో కూడా తిరిగాడు, జంతుబలి వద్దని ఊరూరా చెప్పాడు. జంతువు మీద దయ, మన పిల్లకు చదువు, రెండూ ఒకే మనిషి చేతిలో ఉండేవి. ఇవాళ ఈ నగరంలో జంతువు మీద దయకు కొదవ లేదు. దాన్ని చూసుకునే పిల్ల మీదే లేదు.

విద్యార్థులకు ఒక్కటే చెప్తాను. రాయండి. రోజూ రాత్రి ఐదు లైన్లు. నా చేతులు ఏం చేశాయి, ఎవరు నేర్పారు, ఏం అడిగితే కాదన్నారు, తేదీతో సహా. నోటి మాటకు ఎవరూ విలువ ఇవ్వరు. ముప్పై రోజుల నోట్‌బుక్ ముందు పెడితే జవాబు చెప్పక తప్పదు.

నిన్న రాత్రి ఆ అమ్మాయి వాట్సాప్‌లో నోట్‌బుక్ ఫొటో పంపింది. మేడం పోయి అక్క అయ్యాను. "అక్కా, పదకొండు రోజులవి" అని రాసింది. చదివాను. తొమ్మిది రోజులు బోన్లు. పదో రోజు, జాబితా చూపించి అడిగిందట, డాక్టర్ ఏమీ అనలేదట. పదకొండో రోజు కింద ఒక లైను ఉంది: "నా చేతులు పమేరియన్‌కు టెంపరేచర్ చూశాయి. 101.8. నార్మల్. సారు రాసుకున్నరు."

మెట్ల కింద తిన్న అబ్బాయి మాత్రం కోర్సు వదిలేసి ఊరికి పోయాడు. ఫోన్ ఎత్తడం లేదు. వాడి కాగితం నా దగ్గరే ఉంది.

జై భీమ్.